మదనపల్లె దగ్గర రాళ్ల గుట్ట మీద పసుపు గొంతు పిట్ట: పసుపుగొంతు బుల్‌బులేనా?

మాధవి_మదనపల్లె (ఆదివారం, ఉదయం 10:40)

అందరికీ నమస్కారం. మదనపల్లె నుంచి గుర్రంకొండ వైపు వెళ్లే దారికి కాస్త ఎడంగా మా అమ్మవాళ్ల ఊరు ఉంది. ఊరి వెనకే పెద్ద రాళ్ల గుట్ట. ఈ పొద్దున ఆరున్నర ప్రాంతంలో సగం ఎక్కేసరికి, రెండు బండల సందులో పెరిగిన జువ్వి చెట్టు మీద రెండు పిట్టలు పళ్లు తింటూ కనిపించాయి. సైజు, నిలబడే తీరు అంతా మన మామూలు పిగిలిపిట్టలాగే ఉంది. కానీ తలకు జుట్టు లేదు, నలుపు లేదు. తల ఆకుపచ్చ కలిసిన పసుపు, గొంతు మంచి పసుపు, తోక కింద కూడా పసుపే. నిమిషం కూడా ఉండలేదు. నన్ను చూసి వాలు వెంబడి కిందికి దూసుకుపోయాయి.

ఒక్క ఫోటో దొరికింది, కింద పెడుతున్నాను. ఆకు అడ్డం వచ్చింది, పొట్ట సరిగ్గా కనిపించదు. యాప్‌లో చూస్తే ఎల్లో-త్రోటెడ్ బుల్‌బుల్ అంది. హార్స్‌లీ కొండల మీద అది ఉంటుందని తెలుసు, మా గుట్ట మీద మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. రికార్డు పెట్టే ముందు మీ అందరి మాట వినాలని ఇక్కడ అడుగుతున్నాను.

[ఫోటో 1]

---

సుభాన్_రాయచోటి (ఉదయం 11:05)

అక్కా, శుభాకాంక్షలు! నాకైతే అదే అనిపిస్తోంది. ఫోటో ఒరిజినల్ ఫైల్ ఉంటే అది పెట్టండి. ఫోన్‌లోకి పంపేటప్పుడు రంగులు మారిపోతాయి.

---

కిరణ్_తిరుపతి (ఉదయం 11:32)

మాధవి గారూ, నాకు కొంచెం సందేహం ఉంది, తప్పుగా అనుకోకండి. అలాంటి గుట్టల మీద తెల్లకనుబొమ్మ బుల్‌బుల్, అదే వైట్-బ్రౌడ్, చాలా ఎక్కువ. అది కూడా దాదాపు 20 సెంటీమీటర్లే, పైన ఆలివ్ రంగు, తోక కింద పసుపు. పైగా ఇది ఫిబ్రవరి. ఎక్కడ చూసినా పూలే. బుల్‌బుల్స్ పూలలో తల దూర్చి తేనె తాగుతాయి కాబట్టి నుదురు, గొంతు పుప్పొడితో పసుపెక్కిపోతాయి. పొద్దుటి ఎండ దానికి తోడైతే ఇంకా పసుపుగా కనిపిస్తుంది. ఒక్క గొంతు రంగు చూసి పేరు పెట్టడం కష్టం కదా? ఈ ఫోటోలో రొమ్ము కనిపించడం లేదు.

---

గుట్టలరాజు_అనంతపురం (మధ్యాహ్నం 1:15)

కిరణ్ అడిగింది మంచి ప్రశ్న. పుప్పొడి సంగతి చాలామందికి తట్టదు. ఎర్రపిగిలికి కూడా నుదుటి మీద పసుపు అంటుకుని ఉంటే "కొత్త జాతి" అంటూ ఫోటోలు వస్తుంటాయి. కాబట్టి ఈ పిట్ట విషయంలో గొంతును చివర్లో చూడాలి. ముందు చూడాల్సింది ముఖం.

తెల్లకనుబొమ్మ బుల్‌బుల్ ముఖం నిండా గుర్తులుంటాయి. కంటి మీద తెల్లని గీత, కంటి కింద తెల్లని వంపు, మధ్యలో ముదురు చార. దూరం నుంచి చూసినా ఏదో గీతలున్న ముఖమని తెలిసిపోతుంది. పసుపుగొంతు బుల్‌బుల్ ముఖం మీద ఏమీ ఉండదు. నుదుటి నుంచి మెడ దాకా ఒకే రంగు, అందులో కన్ను ఒక్కటే నల్లగా కనిపిస్తుంది. పుప్పొడి అంటుకుంటే మచ్చలు మచ్చలుగా, ముక్కు చుట్టూ ఎక్కువగా, చెవి వైపు వెళ్లేకొద్దీ తక్కువగా అంటుకుంటుంది. తెల్ల కనుబొమ్మను పూర్తిగా చెరిపేయడం దానివల్ల కాదు.

రెండోది రొమ్ము. పసుపు గొంతు కింద రొమ్ము బూడిద రంగు. ఆ పసుపు, ఈ బూడిద రంగు కలిసే చోటు స్పష్టంగా తెలుస్తుంది. పొట్ట ఇంకా పాలిపోయి, చివర తోక కింద మళ్లీ పసుపు. తెల్లకనుబొమ్మకు గొంతు నుంచి పొట్ట దాకా మాసిన తెలుపు, దాని మీద అస్పష్టమైన చారికలు. రెండింటికీ తోక కింద పసుపే, అక్కడ చూసి తేల్చడం కుదరదు.

మూడోది తోక కొన. పసుపుగొంతుకు తోక ఈకల చివర్లు పాలిపోయి లేతగా ఉంటాయి. కూర్చున్నప్పుడు తోక ముడుచుకుని ఉంటే కనిపించదు. వాలులో కిందికి ఎగిరేటప్పుడు, వాలే ముందు తోక విప్పినప్పుడు కనిపిస్తుంది. మాధవి గారూ, అవి ఎగిరిపోయినప్పుడు తోక ఏమైనా గమనించారా?

ఇక మిగతా పసుపు పిట్టలు. అయోరా చాలా చిన్నది, రెక్క మీద తెల్ల పట్టీలుంటాయి. పసుపు కనుబొమ్మ బుల్‌బుల్ పడమటి కనుమల తడి అడవిలో పిట్ట, దానికి గొంతు నుంచి కింద దాకా అంతా పసుపే, బూడిద రొమ్ము ఉండదు. మదనపల్లె గుట్టల్లో దాని గురించి ఆలోచించాల్సిన పనే లేదు.

ఫోటో 1లో కంటి చుట్టూ ఎంత పెద్దది చేసి చూసినా నాకు గీత కనిపించలేదు. నా ఓటు పసుపుగొంతుకే. ఇంకో ఫోటో దొరికితే బాగుంటుంది.

---

మాధవి_మదనపల్లె (మధ్యాహ్నం 2:20)

రాజు గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా సంతోషం. కనుబొమ్మ లేదన్నది నాకు గట్టిగా గుర్తుంది, ఎందుకంటే కాసేపటికి కింద పొదల్లో తెల్లకనుబొమ్మ బుల్‌బుల్ కూడా అరుస్తూ కనిపించింది, పక్కపక్కన చూసినట్టే అయింది. తోక చివర మాత్రం గమనించలేదు.

సుభాన్ తమ్ముడూ, ఒరిజినల్ ఫైల్ ఇదిగో.

[ఫోటో 1, మార్పులు చేయనిది]

---

సుభాన్_రాయచోటి (మధ్యాహ్నం 2:51)

ఇప్పుడు చూశాను. రంగు నమ్మొచ్చా లేదా అనేదానికి ఈ ఫోటోలోనే ఆధారం ఉంది. పిట్ట వెనక బండ చూడండి. మన గ్రానైట్ బండ నీడలో బూడిద రంగులోనే కనిపించాలి. కెమెరా రంగులను పసుపు వైపు లాగి ఉంటే బండ కూడా పసుపెక్కేది. ఇక్కడ బండ బూడిదగానే ఉంది, దాని మీద రాతిపువ్వు (లైకెన్) మచ్చలు తెల్లగా ఉన్నాయి. కాబట్టి పిట్ట మీద ఉన్న పసుపు పిట్టదే. ఎండ కూడా నేరుగా పడటం లేదు, ఆకు నీడలో ఉంది.

ఇకపై ఎవరైనా గుర్తింపు కోసం ఫోటో పెట్టేటప్పుడు దయచేసి రంగులు పెంచకండి. వెనకున్న రాయినీ, కొమ్మనీ కత్తిరించి పారేయకండి. వాటి నుంచే రంగు అంచనా వేస్తాం.

ఇంకో మాట. స్పీకర్‌లో దాని కూత పెడితే బయటికి వచ్చేస్తుంది, అప్పుడు మంచి ఫోటో వస్తుంది. ఈసారి ప్రయత్నిస్తారా?

---

గుట్టలరాజు_అనంతపురం (సాయంత్రం 4:08)

సుభాన్, బండ సంగతి చాలా బాగా పట్టావు. కూత పెట్టే ఆలోచన మాత్రం వద్దు నాయనా.

అది చిన్న గుట్ట. అక్కడ ఎన్ని జతలున్నాయో మనకు తెలియదు, రెండో మూడో కావచ్చు. కూత విన్న పిట్ట ఇంకొకటి తన చోట్లోకి వచ్చిందనుకుని తిండి మానేసి వెతుకుతుంది. రికార్డు బయటికి వచ్చాక వారం వారం ఎవరో ఒకరు వచ్చి అదే పని చేస్తే ఆ జతకు కుదురుండదు. నంది కొండలు, హార్స్‌లీ లాంటి చోట్ల ఇప్పటికే ఈ పిట్ట కోసం జనం ఎక్కువగా వస్తున్నారు.

ఇంకో కారణం కూడా ఉంది. దీని కూత తెల్లకనుబొమ్మ కూతకు బాగా దగ్గరగా ఉంటుంది. రెండూ గలగలమని తొందర తొందరగా అరుస్తాయి. కూత పెట్టి వచ్చిన జవాబు ఏ పిట్టదో చెప్పడం కష్టం. అందుకే చూడకుండా, కేవలం కూత విని ఈ పిట్టను రాయొద్దని నేను ఎప్పుడూ చెబుతాను. యాప్ చెప్పినా సరే.

మాధవి గారూ, మీకు చెట్టు తెలుసు కదా. జువ్వి పళ్లు ఉన్నన్నాళ్లూ అవి అక్కడికే వస్తాయి. ఎండ పడకముందే వెళ్లి, సూర్యుడు మీ వెనక ఉండేలా చెట్టుకు కాస్త దూరంలో బండకు ఆనుకుని కూర్చోండి. కదలకండి. ఈ పిట్టకు బెదురు ఎక్కువ, మనిషి నిలబడి ఉంటే పొద లోపలే ఉండిపోతుంది. పొద్దున్నే ఒక్కోసారి బండ మీదకో, పొద పైకొమ్మ మీదకో వచ్చి కూర్చుంటుంది.

---

సుభాన్_రాయచోటి (సాయంత్రం 4:30)

అర్థమైంది అన్నా. పెట్టను.

---

శ్రీధర్_డల్లాస్ (రాత్రి 9:47)

ఇక్కడి నుంచి ఈ చర్చ చదువుతుంటే మా పీలేరు గుట్టలు గుర్తొస్తున్నాయి. ఒక సందేహం. ఈ జాతిని పరిమిత ప్రాంతపు జాతి అంటారని చదివాను. కానీ మ్యాప్ చూస్తే ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మూడింట్లోనూ రంగు వేసి ఉంది, కేరళలో చిన్నార్ దగ్గర కూడా. అంత విస్తారంగా ఉన్నదాన్ని పరిమితం అని ఎలా అంటారు?

---

శ్యామల_బెంగళూరు (సోమవారం, ఉదయం 7:20)

శ్రీధర్ గారూ, మంచి ప్రశ్న. పక్షుల సంరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ వాళ్ల లెక్క ప్రకారం, 50,000 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువ ప్రాంతంలో గూడు పెట్టే జాతిని పరిమిత ప్రాంతపు జాతి అంటారు. ఆ కొలతకు మన కడప కలివికోడి, అదే జెర్డన్స్ కోర్సర్ పిట్ట, అచ్చంగా సరిపోతుంది. పసుపుగొంతు బుల్‌బుల్ విషయంలో మ్యాప్ మీద బయటి గీత గీసి లెక్కపెడితే పెద్ద సంఖ్యే వస్తుంది. కానీ ఆ గీత లోపల పొలాలున్నాయి, చెరువులున్నాయి, ఊళ్లున్నాయి, మైదానం ఉంది. అక్కడెక్కడా ఈ పిట్ట ఉండదు. దానికి కావాల్సింది నిట్టనిలువు వాలు, పెద్ద బండలు, బండల సందుల్లో పొదలు, పళ్ల చెట్లు. అంటే అది ఉండేది దక్షిణ దక్కను గుట్టల మీద మాత్రమే, సముద్రంలో దీవుల మీద ఉన్నట్టు. ఒక గుట్టకూ ఇంకో గుట్టకూ మధ్య పది కిలోమీటర్ల మైదానం ఉంటే దాటుతుందో లేదో కూడా చూడాలి.

ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, మన దక్షిణ భారతంలోనే. ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) జాబితాలో దీన్ని వల్నరబుల్, అంటే ముప్పున్న జాతుల్లో పెట్టారు. మ్యాప్ మీద రంగు వేసిన చోటంతా పిట్ట ఉందనుకుంటే ప్రమాదం. ఒక గుట్ట పోతే ఏం, ఇంకా చాలా ఉన్నాయి కదా అనుకుంటాం. అందుకే మాధవి గారి గుట్ట నాకు ముఖ్యం.

---

నల్లమల_ఓబులేసు (ఉదయం 8:55)

కలివికోడి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. దాన్ని మొదట కనిపెట్టింది జెర్డన్, పేరు పెట్టి రాసింది మాత్రం బ్లైత్, 1848లో. ఈ పసుపుగొంతు బుల్‌బుల్‌ను 1845లో రాసింది జెర్డనే. మద్రాసు సైన్యంలో డాక్టరు, నెల్లూరులో కూడా పనిచేశాడు. మన వాళ్లను అడిగి ఈ పిట్టకు కొండ పొదపిగిలి అనే పేరు కూడా రాసుకున్నాడు. అంటే అప్పటికే మన కొండల కింది జనానికి ఈ రెండు బుల్‌బుల్‌లూ వేరువేరని తెలుసు. పొదపిగిలి, అంటే తెల్లకనుబొమ్మ, వేరు, కొండ పొదపిగిలి వేరు.

కలివికోడి 1900 తర్వాత కనిపించలేదు, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి బొమ్మలు చూపించి అడిగితే, ఐతన్న అనే ఊరి మనిషి రాత్రి దీపం వెలుతురులో పట్టుకొచ్చాడు. ఆ తర్వాతే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

కాబట్టి అమ్మా మాధవీ, మీ గుట్ట మీద మేకలు కాసేవాళ్లను అడుగు. ఏ నెలలో ఏ చెట్టు పండుతుంది, ఎండాకాలంలో నీళ్లు ఏ దోనెలో (బండ మీది గుంటలో) నిలుస్తాయి, పిట్టలు ఎక్కడ దిగుతాయి అని. వాళ్లకు తెలిసినంత మనకు బైనాక్యులర్‌తో దొరకదు. బొమ్మ చూపించి "ఇది చూశావా" అని అడిగితే మర్యాదకు అవుననేస్తారు. "పసుపు గొంతు పిట్ట" అని నువ్వు చెప్పకుండా, వాళ్లను చెప్పమను.

---

మాధవి_మదనపల్లె (ఉదయం 9:30)

ఓబులేసు గారూ, తప్పకుండా అడుగుతాను. మా ఊళ్లో మేకల పెద్దాయన ఒకరున్నారు.

---

కిరణ్_తిరుపతి (ఉదయం 10:12)

శ్యామల అక్కా, ఈబర్డ్‌లో (పిట్టల రికార్డులు పెట్టే సైట్) పెడితే అరుదైనదని గుర్తు వస్తుంది కదా, వివరాల పెట్టెలో ఏం రాయాలి? చాలామంది "చాలా స్పష్టంగా చూశాం" అని రాసి వదిలేస్తున్నారు. దానికి సమీక్షకుల నుంచి మళ్లీ మెయిల్ వస్తోంది.

---

శ్యామల_బెంగళూరు (ఉదయం 11:00)

"స్పష్టంగా చూశాం" అనేది మన నమ్మకం మాత్రమే. చదివేవాళ్లకు పిట్ట కనిపించాలి. మాధవి గారి రికార్డుకైతే నేను ఇలా రాస్తాను: "రెండు పిట్టలు, జువ్వి పళ్లు తింటూ. రాళ్ల గుట్ట వాలు. ఆకు నీడలో చూశాం, నేరుగా ఎండ పడలేదు. తల, ముఖం ఒకే ఆలివ్ పసుపు, కనుబొమ్మ గీత లేదు, కంటి కింద గుర్తు లేదు. గొంతు పసుపు. తోక కింద పసుపు. అదే గుట్ట కింద తెల్లకనుబొమ్మ బుల్‌బుల్‌ను వేరుగా చూశాం." చూడనిది రాయొద్దు. రొమ్ము కనిపించలేదా, కనిపించలేదనే రాయండి. ఆ మాట రికార్డును బలహీనం చేయదు, నమ్మకం పెంచుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, పిన్, అంటే మ్యాప్‌లో చోటు గుర్తు, గుట్ట మీదే పెట్టండి. మదనపల్లె టౌన్ మీదో, దగ్గర్లో ఉందని హార్స్‌లీ హాట్‌స్పాట్ (ఈబర్డ్‌లో అందరూ వాడే ఉమ్మడి చోటు) మీదో పెట్టకండి. ఇలాంటి పిట్టకు ఏ గుట్ట అన్నదే అసలు సమాచారం. హార్స్‌లీ 1,265 మీటర్ల ఎత్తు, అక్కడి చెట్లు వేరు, మీ ఎండు గుట్ట వేరు. రెండూ ఒక చుక్కలో కలిసిపోతే మీరు చూసింది లేనట్టే. దారిలో చూసిన పిట్టలన్నిటినీ ఒకే జాబితాలో కలపకుండా గుట్టకు వేరే జాబితా పెట్టండి.

---

మాధవి_మదనపల్లె (శనివారం, మధ్యాహ్నం 12:10)

మళ్లీ వెళ్లాను! రాజు గారు చెప్పినట్టే చీకటి ఉండగానే వెళ్లి చెట్టుకు ఎదురుగా బండకు ఆనుకుని కూర్చున్నాను. ముందు ఎర్రపిగిళ్లు వచ్చాయి, తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఎండ బండ అంచును తాకే వేళకు ఒకటి కింది పొదలో నుంచి వచ్చి నేరుగా బండ మీద వాలింది. వాలే ముందు తోక విప్పింది. చివర్లు లేతగా ఉన్నాయి, కంటితోనే తెలిసింది. రొమ్ము బూడిద రంగు, గొంతు పసుపు ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు కనిపించింది. పండు ఒకటి ముక్కున పట్టుకుని, తల వెనక్కి ఎత్తి మింగింది. గొంతు ఉబ్బినప్పుడు ఆ పసుపు ఈకలు విడివడి, మొదళ్ల దాకా పసుపే అని తెలిసింది. పుప్పొడి కాదు కిరణ్, ఈక రంగే!

[ఫోటో 2, 3, 4: మార్పులు చేయనివి]

[ఫోటో 5: అదే గుట్ట కింద తెల్లకనుబొమ్మ బుల్‌బుల్, పోల్చుకోవడానికి]

---

కిరణ్_తిరుపతి (మధ్యాహ్నం 12:25)

ఇక సందేహమే లేదు. ఫోటో 3, ఫోటో 5 పక్కపక్కన పెట్టి మా కాలేజీ పిట్టల బృందానికి చూపిస్తాను, మీ అనుమతి ఉంటే.

---

గుట్టలరాజు_అనంతపురం (మధ్యాహ్నం 1:02)

అద్భుతం మాధవి గారూ. ఫోటో 2లో తోక కొన ఇంత బాగా రావడం అరుదు. నాకు చాలా ఆనందంగా ఉంది.

---

మాధవి_మదనపల్లె (మధ్యాహ్నం 1:40)

కిరణ్, తప్పకుండా చూపించండి. అందరికీ ధన్యవాదాలు. కానీ ఒక విషయం మనసును తొలిచేస్తోంది. గుట్టకు అవతలి వైపు గ్రానైట్ తవ్వుతున్నారు. ఏడాది కిందటికీ ఇప్పటికీ కొండ అంచు మారిపోయింది. మేకల పెద్దాయన చెప్పాడు, ఎండాకాలంలో నీళ్లు నిలిచే దోనె అటువైపే ఉందట, పిట్టలన్నీ అక్కడికే దిగేవట. ఇప్పుడు అటు మేకలను కూడా తోలడం లేదు. నేను ఏం చేయగలను?

---

శ్యామల_బెంగళూరు (మధ్యాహ్నం 3:15)

ఈ పిట్టకు పెద్ద ముప్పు ఇదే. పొదలు కొట్టినా, మంట పెట్టినా కొన్నేళ్లకు మళ్లీ పెరగొచ్చు. బండ పోతే ఆ చోటే పోయింది.

గనుల అనుమతి కాగితాలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో పెడతారు. అందులో ఆ ప్రాంతపు జంతువులు, పక్షుల జాబితా ఉంటే చదవండి. చాలా జాబితాల్లో కాకి, పిచ్చుక, మైనా తప్ప ఇంకేమీ ఉండవు. "ఇక్కడ ముప్పున్న జాతి ఉంది" అని చెప్పాలంటే తేదీ, చోటు, ఫోటో ఉన్న రికార్డు కావాలి. అది ఇప్పుడు మీ దగ్గర ఉంది. ఒక్కసారి చూస్తే "దారిన పోతూ వాలింది" అనొచ్చు. వేసవిలో, వానాకాలంలో కూడా అక్కడే ఉందని తేలితే ఆ మాట అనలేరు. పిట్ట కనిపించని రోజు జాబితా కూడా పెట్టండి, అదీ పనికొస్తుంది. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ఫోటోలతో ఒక కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

---

నల్లమల_ఓబులేసు (సాయంత్రం 5:30)

పెద్దాయన దోనె గురించి చెప్పింది కూడా ఆ కాగితంలో రాయమ్మా, ఆయన ఒప్పుకుంటేనే పేరుతో. వానలు మొదలయ్యాక గూళ్ల కాలం కాబట్టి బండ సందుల దగ్గరికి ఎక్కువగా పోవద్దు. దూరం నుంచి చూస్తే చాలు.

---

శ్రీధర్_డల్లాస్ (రాత్రి 10:20)

నేను జూలైలో పీలేరు వస్తున్నాను. మా ఊరి చుట్టూ ఇలాంటి గుట్టలు చాలా ఉన్నాయి, చిన్నప్పుడు అన్నీ ఎక్కినవే. ఏ గుట్టకు జాబితాలు లేవో చెబితే అవి నేను చూస్తాను. కూత పెట్టను, చెట్టుకు దూరంగా కూర్చుంటాను.

---

గుట్టలరాజు_అనంతపురం (ఆదివారం, ఉదయం 6:50)

శ్రీధర్ గారూ, మంచి మాట చెప్పారు. పీలేరు, వాయల్పాడు, గుర్రంకొండ మధ్య గుట్టల్లో జాబితా లేనివి మ్యాప్‌లో గుర్తుపెట్టి ఈ వారంలోనే ఇక్కడ పెడతాను. సుభాన్ రాయచోటి వైపువి చూడు, కిరణ్ వాళ్ల బృందం భాకరాపేట వైపువి చూస్తే బాగుంటుంది. ఎవరు ఏ గుట్ట తీసుకుంటారో కింద రాయండి.

---

సుభాన్_రాయచోటి (ఉదయం 7:04)

రాయచోటి వైపువి నావి అన్నా.

---

మాధవి_మదనపల్లె (ఉదయం 7:30)

మా గుట్ట నాది. జాబితా ఇప్పుడే పెట్టాను, పిన్ జువ్వి చెట్టు ఉన్న వాలు మీదే ఉంది. రేంజ్ ఆఫీసు కాగితం రేపు ఇస్తాను.